పుల్లింగ్ పోయిన బాపు కారు: ఇంజన్ దించాల్నా, వాక్యూమ్ పైపు చూడాల్నా?

హన్మకొండ నుంచి ఒక తమ్ముడు రాసిండు, పేరు బయటపెట్టొద్దన్నడు. ఉత్తరం నాలుగు పేజీలుంది, కుదించి చెప్తా.

వాళ్ళ బాపు రిటైరైన సారు, 74 ఏండ్లు. 1996ల లోను పెట్టి కొన్న మారుతి 800 ఇంకా ఇంట్లనే ఉన్నది, ఏపీ 36 నంబరు, కార్బొరేటర్ (గాలిల పెట్రోలు కలిపే భాగం) బండి, పాయింట్లున్న (స్పార్కు కోసం కరెంటును కలిపి విడగొట్టే స్విచ్చు) డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగ స్పార్కు పంచే భాగం). పోయినేడు టైమింగ్ బెల్టు మార్పించిండ్రట. మార్చిన వారానికే బాపు "బండి బరువైందిరా" అన్నడట, ఎవ్వరు పట్టించుకోలే. తర్వాత నాలుగైదు నెలలకు అసలు కథ మొదలైంది. స్టార్టింగ్ మంచిగనే ఉంటది, స్లోల మంచిగనే నిలబడ్తది, కానీ యాక్సిలరేటర్ మీద కొంచెం కాలు పెట్టంగనే ఒక్క క్షణం కుంగినట్టయి అప్పుడు కదుల్తది. ఫాతిమానగర్ బ్రిడ్జి ఒకప్పుడు థర్డ్ గేర్ల ఎక్కేది, ఇప్పుడు సెకండ్ వెయ్యాల్సిందే. లీటరుకు 18 ఇచ్చే బండి 13కు వచ్చింది.

మొదటి మెకానిక్ కార్బొరేటర్ ఇప్పి కడిగిండు, ప్లగ్గులు మార్చిండు, పది రోజులు బాగుండి మళ్ళ అదే. రెండో ఆయన బాపుకు 20 ఏండ్ల నుంచి తెలిసిన మెకానిక్, "వాక్యూమ్ పోయింది" అని పైపుకు స్క్రూ బిగించి బంద్ చేసి, డిస్ట్రిబ్యూటర్ చేత్తో కొంచెం తిప్పి పెట్టిండు. కుంగుడు తగ్గింది, కానీ ఇప్పుడు బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజన్ల గలగల మోత. మూడో ఆయన చూసి "పిస్టన్ రింగులు పోయినయి, ఇంజన్ దించాలె, 35 వేలు" అన్నడు. బావమరిదేమో వీడియోలు చూసి, పైపు నేరుగ మేనిఫోల్డుకు (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు మిశ్రమం పోయే గొట్టం) పెడితే అయిపోతదంటున్నడు. ఇంటామె అమ్మేద్దామంటున్నది, పిల్లల ఫీజులున్నయి, 2026ల ఆర్సీ రెన్యువల్ గూడ ఉన్నది. బాపు మాత్రం గొడవ పడ్తలేడు, పొద్దున్నే లేచి బండి తుడుస్తున్నడు, ఒక్కటే అడిగిండట, "జాతర రద్దీ మొదలుగాకముందు నా బండిలనే మేడారం తీసుకపో" అని.

ఆ తమ్ముడు అడిగేది ఏందంటే: ముగ్గుట్ల ఎవరిని నమ్మాలె, 35 వేలు పెట్టాల్నా, అసలు ఈ వాక్యూమ్ అంత ముఖ్యమా, అమ్మాల్సొస్తే బాపుకు ఎట్ల చెప్పాలె.

తమ్మీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నువ్వు దీన్ని ఒకటే రోగం అనుకుంటున్నవు, మెకానిక్కులు గూడ ముగ్గురికి ముగ్గురు ఒకటే రోగమనుకుని ఎవరి మందు వాళ్ళు వేసిండ్రు. నాకు మాత్రం ఇందుల రెండు వేరేవేరే ఫిర్యాదులు కనబడుతున్నయి. కాలు పెట్టంగనే కుంగుడు ఒకటి, బ్రిడ్జి మీద గుంజలేకపోవుడు ఇంకోటి. ఈ రెంటినీ విడదీయకుంట పైసలు పెడితే ఎంత పెట్టినా సగం పనే అయితది. అందుకే ఫస్టు విడదీద్దాం, కొంచెం పొడుగైతది, ఓపికతోటి చదువు.

వాక్యూమ్ అడ్వాన్స్, అంటే ఇంజన్ గాలిని గుంజే బలంతోటి స్పార్కు ముందుగాల పడేటట్టు చేసే ఏర్పాటు, ఏం చేస్తదో తెలిస్తేనే అది ఏం చెయ్యదో తెలుస్తది. సిలిండర్ల పెట్రోలు, గాలి మిశ్రమం ఒక్కసారిగ పేలదు, అంటుకుని కాలడానికి టైం పడ్తది. లెక్క కోసం 2 మిల్లీసెకన్లు అనుకో. ఇంజన్ నిమిషానికి 900 తిరుగుడు మీదున్నప్పుడు ఆ 2 మిల్లీసెకన్లల క్రాంకు దగ్గర దగ్గర 11 డిగ్రీలు తిరుగుతది, 3000 మీదున్నప్పుడు 36 డిగ్రీలు తిరుగుతది. మంట పూర్తి జోరు మీదికి వచ్చేసరికి పిస్టన్ పై కొస దాటి కొంచెం కిందికి దిగుడు మొదలుపెట్టి ఉండాలె, అప్పుడే దెబ్బ సరిగ్గ తగుల్తది. అంటే స్పీడు పెరిగిన కొద్దీ స్పార్కు ముందుగాల పడాలె. ఆ పని డిస్ట్రిబ్యూటర్ లోపల స్ప్రింగులకు కట్టి ఉన్న రెండు చిన్న బరువులు చేస్తయి, స్పీడుకు అవి బయటికి విచ్చుకుని స్పార్కును ముందుకు జరుపుతయి. దానికీ వాక్యూమ్‌కూ సంబంధం లేదు.

ఇగ వాక్యూమ్ సంగతి. సదును రోడ్డు మీద సగం కాలు గూడ పెట్టకుంట 40, 50ల పోతున్నప్పుడు థ్రాటిల్ రేకు కొంచెమే తెరుచుకుని ఉంటది, సిలిండర్లకు పోయే మిశ్రమం పల్చగ ఉంటది. పిడకలు దగ్గరదగ్గర పేరిస్తే గబగబ అంటుకుంటయి, దూరం దూరం పేరిస్తే మంట ఒకదాని నుంచి ఇంకోదానికి పోవుడే ఆలస్యం, ఇది గూడ అట్లనే. కాబట్టి ఆ టైంల స్పార్కు ఇంకా ముందుగాల కావాలె. అప్పుడు కార్బొరేటర్ దగ్గర గుంజుడు ఎక్కువుంటది, ఆ గుంజుడే సన్న రబ్బర్ పైపు లోంచి వచ్చి డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న డబ్బీల డయాఫ్రమ్‌ను (సన్నని రబ్బరు పొరను) లాగి, పాయింట్లున్న ప్లేటును తిప్పి, మామూలుగ ఇంకో పది నుంచి ఇరవై డిగ్రీలు ముందుకు తెస్తది. నువ్వు కాలు పూర్తిగ తొక్కినవనుకో, థ్రాటిల్ మొత్తం తెరుచుకుంటది, గుంజుడు దాదాపు సున్నాకు వస్తది, డయాఫ్రమ్ వెనుకకు పోతది. మిశ్రమం గట్టిగ ఉన్నప్పుడు అంత ముందుగాల స్పార్కు పడితే నాకింగ్ (మిశ్రమం తీరు తప్పి పేలి వచ్చే గలగల మోత) వస్తది గనుక అది వెనుకకు పోవుడే మంచిది.

ఇప్పుడు నీ బ్రిడ్జిని గుర్తుకు తెచ్చుకో. బ్రిడ్జి ఎక్కేటప్పుడు నువ్వు కాలు బాగ తొక్కే ఉంటవు గదా. ఆ టైంల వాక్యూమ్ అడ్వాన్స్ మంచిగున్న బండిల గూడ అది పని చెయ్యది. అంటే వాక్యూమ్ పోయినందుకు బ్రిడ్జి మీద పుల్లింగ్ పోలేదు. వాక్యూమ్ పోతే మైలేజి పడ్తది, ఊర్ల తిరుగుతుంటే బండి మందంగ అనిపిస్తది, కాలు పెట్టంగనే కుంగుతది. నీ మొదటి ఫిర్యాదుకు అది సరిపోతది, రెండో దానికి సరిపోదు. బాపు మెకానిక్ చెప్పింది తప్పు కాదు, ఆయన పట్టుకున్నది నిజమైన రోగమే అయ్యుండొచ్చు, కాకపోతే ఉన్న రెంట్ల ఒకటే.

ఆయన ఆలోచన సరైందే అనడానికి ఇంకో గుర్తు గూడ నీ ఉత్తరంల ఉన్నది, స్లోల బండి మంచిగ నిలబడ్తదన్నవు. ఈ పైపుకు గుంజుడు ఇచ్చే రంధ్రం థ్రాటిల్ రేకుకు కొంచెం పైన ఉంటది, స్లోల రేకు మూసుకుని ఉంటది కాబట్టి ఆ రంధ్రానికి గుంజుడు అందది. కాలు పెట్టి రేకు కొంచెం తెరవంగనే అందుతది. డయాఫ్రమ్ చినిగి ఉంటే సరిగ్గ అప్పుడే ఆ పైపు లోంచి దొంగ గాలి లోపలికి పోతది, మిశ్రమం ఇంకా పల్చనైతది, పైగా అడ్వాన్స్ గూడ రాదు, బండి కుంగుతది. స్క్రూ పెట్టి బంద్ చేస్తే కుంగుడు తగ్గిందన్నవు గదా, దొంగ గాలి ఆగింది కాబట్టి తగ్గింది.

కానీ ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో తిప్పి టైమింగ్ ముందుకు పెట్టిండు చూడు, అది నాకు నచ్చలే. పోయిన వాక్యూమ్ అడ్వాన్స్‌ను అట్ల పూడ్చుదామని చూసిండు. తేడా ఏందంటే, డయాఫ్రమ్ అవసరమున్నప్పుడు ముందుకు తెచ్చి లోడు పడంగనే వెనుకకు పోతది, చేత్తో తిప్పింది మాత్రం లోడు మీద గూడ అక్కడనే ఉంటది. నీకు బ్రిడ్జి మీద వినబడే మోత అదే. తగరపు డబ్బల గోలీలు వేసి ఊపినట్టు, లోడు పడ్డప్పుడే వచ్చి కాలు తీయంగనే పోతుందంటే నాకింగే. ట్యాపెట్ మోతయితే లోడుతోటి పని లేకుంట ఎప్పుడూ టిక్కుటిక్కుమంటది. ఈ నాకింగ్‌ను తేలిగ్గ తీసుకోకు. రోజూ అట్లనే నడిపితే పిస్టన్లు దెబ్బతింటయి, హెడ్ గ్యాస్కెట్ పోతది, అప్పుడు లేని రింగుల రోగం నిజంగ వస్తది. అందుకే టైమింగ్ సరిచేయించే దాకా బ్రిడ్జి దగ్గర ముందే సెకండ్‌కు దించి మెల్లగ కాలు పెట్టి ఎక్కు, థర్డ్ల పెట్టి తొక్కకు.

ఇక మీ బాపు అన్న మాట. బెల్టు మార్చిన వారానికే "బండి బరువైంది" అన్నడని ఒక్క లైన్ల రాసి దాటిపోయినవు. నీ ఉత్తరం మొత్తంల నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే తమ్మీ. ముప్పై ఏండ్ల దగ్గర ఒకటే బండి నడిపిన మనిషి కాలుకు, చెవికి తెలుస్తది. ఈ ఇంజన్ల డిస్ట్రిబ్యూటర్ వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు మీదినుంచే తిరుగుతది, క్యామ్‌ను తిప్పేది టైమింగ్ బెల్టు. బెల్టు బిగించేటప్పుడు ఒక్క పన్ను వెనుకకు పడ్డా బండి స్టార్టయితది, స్లోల గూడ దాదాపు మంచిగనే ఉంటది, కానీ వాల్వులు ఆలస్యంగ మూసుకుంటయి, కింది స్పీడుల జోరు పోతది, దాంతోపాటు స్పార్కు గూడ ఆలస్యమైతది. అప్పుడు ఎవరైనా డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి స్పార్కును సరిచేస్తరు, వాల్వుల లెక్క మాత్రం తప్పుగనే ఉంటది, కాబట్టి చెడావు మీద గుంజది. నీ బండిల ఇదే అయిందని ఇక్కడ కూసుని నేను చెప్పలేను, కానీ చూడకుంట వదిలేయరానిది ఇది. ఒకటో సిలిండర్‌ను పై కొసకు తెచ్చి క్యామ్ పుల్లీ మీది మార్కు దానికోసం ఇచ్చిన మార్కుకు ఎదురుగ ఉందా లేదా చూడమను. మెకానిక్‌కు పెద్ద పని కాదు.

మూడో ఆయన రింగులన్నడు. నువ్వేమో పొగ లేదు, ఆయిల్ తగ్గుతలేదు అని రాసినవు. రింగులు పోయిన బండి నీలం పొగ కొడ్తది, ఆయిల్ తాగుతది. ఆ రెండూ లేకుంట ఇంజన్ దించుమనుడు తొందరపాటు. ఆయన మోసగాడని నేను అంటలేను, బెల్టు పన్ను తప్పి ఉంటే కంప్రెషన్ నిజంగనే తక్కువ చూపిస్తది, చేత్తో తిప్పి చూసినా తెలుస్తది, ఆయన దాన్నే రింగులనుకుని ఉండొచ్చు. తేడా పట్టాలంటే గేజీ పెట్టి కంప్రెషన్ కొలవాలె. ఇంజన్ వేడిగుండాలె, మూడు ప్లగ్గులూ ఇప్పాలె, కాయిల్ వైరు తీసెయ్యాలె, యాక్సిలరేటర్ మొత్తం తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలె, మూడు సిలిండర్ల అంకెలు రాసుకోవాలె. తర్వాత ఒక్కో ప్లగ్గు రంధ్రంల ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళ కొలవాలె. ఆయిల్ పోసినంక అంకె బాగ పెరిగితే రింగులు, పెరగకుంట ఒక్క సిలిండరే తక్కువుంటే వాల్వు, పక్కపక్కనే ఉన్న రెండు తక్కువుంటే హెడ్ గ్యాస్కెట్. మూడూ ఒక్కతీరుగ తక్కువుండి ఆయిల్‌కు పెద్దగ మారకపోతే బెల్టు మీద అనుమానం పెట్టుకో. గంటల అయిపోయే పని. ఇది చెయ్యకుంట 35 వేలకు ఒప్పుకోకు.

నా అనుభవం ఒకటి చెప్పాలె ఇక్కడ. చానా ఏండ్ల కింద పరకాల నుంచి ఒక సారు ఇట్లనే పుల్లింగ్ లేదని బండి తెచ్చిండు, నేను గూడ రింగులే అనుకుని ఇంజన్ దించిన. ఇప్పి చూస్తే రింగులు మంచిగున్నయి, బోరు మంచిగున్నది. ఆఖరుకు చూస్తే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులకు పాత గ్రీజు ఎండి, బంకలెక్క పట్టి కదుల్తలెవ్వు. కిరోసిన్ల కడిగి రెండు చుక్కల ఆయిల్ వేస్తే బండి ఉరికింది. ఆ సారు దగ్గర ఇంజన్ పని పైసలు తీసుకోలే, కానీ ఆయన బండి పదిహేను రోజులు నా దగ్గర పడి ఉన్నది, ఆయన బస్సుల తిరిగిండు, అది నాకు ఇప్పటికీ బాధనే. అప్పటి నుంచి కొలవకుంట దేన్నీ దించొద్దని పెట్టుకున్న.

అందుకే నీ డిస్ట్రిబ్యూటర్ల గూడ చూడాల్సినవి ఉన్నయి. మూత తీసి రోటార్‌ను అది తిరిగే దిక్కుకు వేళ్ళతోటి కొంచెం తిప్పి వదులు, స్ప్రింగులు టక్కున వెనుకకు గుంజాలె. మెల్లగ వచ్చినా, ఎక్కడున్నది అక్కడనే నిలబడ్డా బరువులు పట్టినయన్నట్టే, బ్రిడ్జి మీద జోరు లేకపోవడానికి అది గూడ కారణం కావచ్చు. తర్వాత డయాఫ్రమ్. మెడికల్ షాపుల 50 మిల్లీలీటర్ల సిరంజి దొరుకుతది, పైపును కార్బొరేటర్ దగ్గర ఇప్పి, ఆ స్క్రూ తీసేసి, డిస్ట్రిబ్యూటర్ దిక్కు పైపుకు సిరంజి తగిలించి గుంజు. బిగువుగ ఆగి, లోపల పాయింట్ల ప్లేటు కదిలి, అర నిమిషం దాకా అట్లనే నిలబడితే డయాఫ్రమ్ మంచిగున్నది. సిరంజి ఒట్టిగనే వచ్చేస్తే చినిగిందనుకోవచ్చు, కానీ ఫస్టు పైపునే అనుమానించు, ఇన్నేండ్ల రబ్బరు కొసల పగిలి ఉంటది, కొత్త పైపు తగిలించి మళ్ళొకసారి గుంజి చూడు. సిరంజి బిగువుగ ఉండి ప్లేటు మాత్రం కదలకపోతే ప్లేటు తుప్పుకు పట్టింది. ప్లేటు కదుల్తుంటే పాయింట్లకు పోయే సన్న వైరును గూడ చూడు, ప్లేటుతోటి ముందుకు వెనుకకు వంగీ వంగీ పైతొడుగు మంచిగుండి లోపల తీగలు తెగుతయి, అప్పుడు కాలు పెట్టినప్పుడే మిస్సింగ్ వస్తది, ఎవ్వరికీ తొందరగ దొరకదు.

పాయింట్ల గ్యాపు ఈ బండ్లల మామూలుగ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు. గ్యాపు సరిచేసినంకనే టైమింగ్ పెట్టాలె, ఎందుకంటే గ్యాపు మారితే టైమింగ్ దానంతట అదే మారుతది. పాయింటు మడిమె అరిగి గ్యాపు తగ్గితే స్పార్కు ఆలస్యమైతది.

టైమింగ్ చెవితోటి కాదు, టైమింగ్ లైటుతోటి (స్పార్కు పడ్డప్పుడల్లా మెరిసి మార్కు ఎక్కడుందో చూపించేది) పెట్టించు. వాక్యూమ్ పైపు ఇప్పి, కార్బొరేటర్ దిక్కు నోరు మూసి, స్లోల మార్కు బండి పుస్తకంల ఇచ్చిన డిగ్రీల మీదికి రావాలె. తర్వాత పైపు లేకుంటనే రేసు పెంచుతుంటే మార్కు మెల్లమెల్లగ ముందుకు జరగాలె, అది బరువుల పని. ఆ రేసు మీదనే పైపు తగిలిస్తే మార్కు ఒక్కసారి ఇంకా ముందుకు దుంకాలె, అది డయాఫ్రమ్ పని. పది నిమిషాల్ల రెండూ తెలిసిపోతయి, ముగ్గుట్ల ఎవ్వరు ఇది చేసినట్టు నీ ఉత్తరంల లేదు. లైటు దొరకకపోతే రేసు కొంచెం పెంచి పట్టుకుని పైపు ఇప్పు, ఇంజన్ రేసు పడిపోతే వాక్యూమ్ పనిచేస్తున్నట్టు, ఏం తేడా రాకపోతే లేనట్టు.

కుంగుడుకు ఇంకో కారణం గూడ ఉంటది, కార్బొరేటర్ల యాక్సిలరేటర్ పంపు. కాలు పెట్టంగనే గాలి టక్కున వస్తది, పెట్రోలు వెనుకబడ్తది, ఆ లోటు పూడ్చడానికి ఈ చిన్న పంపు ఒక ధార కొడ్తది. ఇంజన్ బంద్ చేసి, చల్లారినంక, దగ్గరల బీడీ, సిగరెట్టు లేకుంట చూసుకుని, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి లోపలికి చూస్తూ థ్రాటిల్ తిప్పు. తిప్పంగనే సన్న ధార కనబడాలె. ఆలస్యంగ వచ్చినా, చుక్కలు చుక్కలుగ వచ్చినా పంపు రబ్బరు గట్టిపడ్డది, లేకపోతే జెట్టుల చెత్త ఉన్నది. మొదటి మెకానిక్ కడిగినంక పది రోజులే బాగుందంటే నాకు దీని మీద గూడ అనుమానమే, కడిగితే చెత్త పోతది గానీ గట్టిపడ్డ రబ్బరు మెత్తగ గాదు. ఇప్పుడు బంకుల్ల వస్తున్న పెట్రోలుల 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది, 96ల చేసిన రబ్బర్లు దానికోసం చేసినవి కావు, దాంతో మిశ్రమం గూడ కొంచెం పల్చనైతది. అందుకే కార్బొరేటర్ కిట్టు, పెట్రోలు పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవి అడిగి వేయించు, బండిని వారాలకు వారాలు పెట్రోలుతోటి నిలబెట్టకు.

పెట్రోలు ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, చోక్ పూర్తిగ తెరుచుకుంటుందా, బ్రేకులు పట్టుకుని ఉన్నయా, క్లచ్ జారుతున్నదా, ఇవి గూడ ఒకసారి చూసుకో, బండిని సదును జాగల న్యూట్రల్ల పెట్టి చేత్తో నూకితే బ్రేకుల సంగతి తెలుస్తది.

ఇప్పుడు నీ ముందట ఏమేం దారులున్నయో చూద్దాం.

డయాఫ్రమ్ చినిగిందని తేలితే ఆ డబ్బీ మార్చుడు ఒకటి. కొత్తది దొరకకపోతే పాత సామాన్ల దుకాణంల డిస్ట్రిబ్యూటర్ మొత్తంగ దొరుకుతది, కానీ నీ మోడల్‌దే చూసి తీసుకో. ఒక్కో డబ్బీ ఒక్కో గుంజుడుకు ఒక్కో లెక్కల డిగ్రీలు తిప్పుతది, వేరే బండిది వేస్తే బిగుస్తది గానీ ఎక్కువ తిప్పి మళ్ళ నాకింగ్ తేవొచ్చు. తెచ్చే ముందే షాపుల నిలబడి సిరంజితోటి గుంజి చూడు, పాత సామానుల చినిగినవే ఎక్కువుంటయి. దీనికయ్యే ఖర్చు ఇంజన్ పని ముందట చానా చిన్నది.

సామాను దొరికే దాకా వాక్యూమ్ లేకుంట నడుపుడు ఇంకో దారి. నడుస్తది, భయం లేదు. కాకపోతే కార్బొరేటర్ దిక్కు నోరు గట్టిగ మూసి ఉండాలె, స్క్రూ ఏ కొసకు పెట్టిండో చూడు, డిస్ట్రిబ్యూటర్ దిక్కు మూసి కార్బొరేటర్ దిక్కు వదిలేసి ఉంటే దొంగ గాలి ఇంకా పోతనే ఉన్నట్టు. బేస్ టైమింగ్‌ను పుస్తకంల ఉన్న కాడికే వెనుకకు తెచ్చి పెట్టాలె. అప్పుడు నాకింగ్ పోతది, బ్రిడ్జి మీద జోరుల తేడా రాదు, మైలేజి మాత్రం తక్కువనే ఉంటది, ఊర్ల నడుస్తుంటే కొంచెం మందంగ ఉంటది. మేడారం వరకు పోయి రావడానికి ఇది చాలు.

బావమరిది చెప్పినట్టు మేనిఫోల్డుకు కలిపితే ఏమైతది? స్లోల గూడ ఫుల్లు గుంజుడు వస్తది కాబట్టి స్లో రేసు పెరుగుతది, దాన్ని తగ్గించడానికి థ్రాటిల్ స్క్రూ వెనుకకు తిప్పాల్సొస్తది, ట్యూనింగ్ మొత్తం మారుతది. పైగా కాలు పెట్టంగనే మేనిఫోల్డుల గుంజుడు పడిపోయి అడ్వాన్స్ వెనుకకు పోతది, నీకు ముందున్న కుంగుడు ఇంకో రూపంల తిరిగొస్తది. డయాఫ్రమ్ చినిగి ఉంటే స్లోల గూడ దొంగ గాలి పోతది, స్లోనే నిలబడదు. కొన్ని బండ్లకు కంపెనీ నుంచే అట్ల ఉంటది, వాటి డబ్బీల లెక్క వేరే. ఈ బండి డబ్బీ దానికి చేసింది కాదు. పిల్లగాని ఉత్సాహం మంచిదే, ఆయనకు సిరంజి పరీక్ష అప్పజెప్పు, చక్కగ చేస్తడు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిస్తే పాయింట్ల గోల పోతది, నిజమే. కానీ చినిగిన డయాఫ్రమ్, పట్టిన బరువులు, తప్పిన బెల్టు వీటిల ఒక్కటి గూడ దానితోటి బాగుగాదు. ఇవన్నీ అయినంక చూద్దాం.

ఇంజన్ పని కంప్రెషన్ అంకెలు వచ్చినంకనే. నిజంగ రింగులే అని తేలితే అప్పుడు 35 వేలు పెట్టుడా, వదులుకునుడా అన్నది ఇంట్ల కూసుని మాట్లాడుకునే మాట.

అమ్ముడు గురించి. మరదలు అన్నదాంట్ల తప్పేం లేదు, ఆమె ఇల్లు చూసుకోవాలె గదా. ఆమెకు నచ్చనిది బండి కాదని నాకనిపిస్తున్నది, ఎంత ఖర్చయితదో ఎవ్వరూ చెప్పకుంట నెలనెలా పైసలు పోవుడు నచ్చుతలేదు. కాబట్టి పరీక్షలకు ఇంత అని ముందే ఒక లెక్క అనుకుని, అది దాటితే ఆగి ఆమెతోటి మాట్లాడినంకనే ముందుకు పో. 96 బండికి మొదటి 15 ఏండ్లు 2011ల అయిపోయినయి, అక్కడి నుంచి ఐదేండ్లకోసారి రెన్యువల్, అట్లనే 2026 వచ్చింది. రెన్యువల్ చేయిస్తే ఫీజు, గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ చూపిచ్చుడు ఉంటయి, పొల్యూషన్ల ఇంత పాత పెట్రోలు కార్లకు స్లోల కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం లోపల రావాలె. మిస్సింగ్ ఉన్న బండికి ఆ రెండో అంకె దాటిపోవచ్చు, అందుకే ఈ రిపేరు ముందే చేయించుకునుడు మేలు. ఒకవేళ అమ్మాల్నన్నా గలగల మోతతోటి అమ్మితే తుక్కు రేటే ఇస్తరు, సరిగ్గ నడిచే బండికి పాత 800లు ఇష్టపడేటోళ్ళు ఉన్నరు. ఏ దిక్కు పోయినా ఫస్టు పరీక్షలే.

బాపుకు ఎట్ల చెప్పాలె అని అడిగినవు. అమ్మే మాట ఇప్పుడు ఎత్తనే ఎత్తకు, దానికింకా కారణం తేలలే. ఆయన మెకానిక్‌ను పక్కనపెట్టి కొత్తాయన దగ్గరికి పోతే బాపు నొచ్చుకుంటడు, ఆ మెకానిక్ గూడ నొచ్చుకుంటడు, 20 ఏండ్ల సంబంధం. ఆయన దగ్గరికే పో, కానీ బాపును వెంట తీసుకపో. "నువ్వు పట్టుకున్న వాక్యూమ్ సంగతి నిజమే అన్నా, కుంగుడు పోయింది, ఇప్పుడు బ్రిడ్జి మీద మోత వస్తున్నది, ఒకసారి లైటు పెట్టి చూద్దామా, బెల్టు మార్కు గూడ చూద్దామా" అని అడుగు. తప్పు పట్టినట్టు గాకుంట ఆయన మొదలుపెట్టిన పనిని ఆయనతోనే పూర్తి చేయించినట్టుంటది. లైటు ఆయన దగ్గర లేకపోతే తెప్పించే ఖర్చు నువ్వు పెట్టుకో. ఆయన ససేమిరా ఒప్పుకోకపోతే అప్పుడు వేరే దగ్గరికి పోవుడు తప్పది, అది గూడ బాపుకు చెప్పే పో.

పని అయినంక బ్రిడ్జి మీదికి ట్రయల్‌కు పోయేటప్పుడు బాపును పక్క సీట్ల కూసోబెట్టు. బండి బరువు తగ్గిందా లేదా ఆయన్ను అడుగు, మొదట పట్టింది ఆయనే. ఆయన తగ్గింది అంటే ములుగు రోడ్డు మీద గట్టమ్మ దాకా ఒకసారి పోయి మొక్కి తిరిగి రండి, ఆ పోకడల చెడావుల మోత రాకుంట, వేడి పెరగకుంట ఉంటే మిగతా దారి పస్రా మీదుగ మేడారం వరకు వెళ్ళొచ్చు. బంగారం (అమ్మవార్లకు మొక్కు బెల్లం), సామాన్లు, నలుగురు మనుషులు అన్నీ ఒకటేసారి ఎక్కించకు, మీ ఇద్దరు, అమ్మ చాలు ఈసారికి.

కంప్రెషన్ అంకెలు మూడు, ఆయిల్ పోసినంక వచ్చిన అంకెలు మూడు, క్యామ్ మార్కు ఎంత తప్పిందో, సిరంజి నిలబడ్డదో లేదో, ఇవి రాసి పంపు. మిగతాది అవి చూసి చెప్తా.